తీయడం మరిచిన తాళం

దేవసహాయం పాలవాగులో బస్సు దిగీ దిగగానే వాన అందుకుంది. పొద్దున్నే ఖమ్మంలో ఎక్కి, కొత్తగూడెంలో బస్సు మారి, అడవి మొదలయ్యాక టైరు పంక్చరై, మధ్యాహ్నానికి ఊరు చేరిన మనిషికి కోపం రావడానికి వాన అక్కర్లేదు. అయినా వచ్చింది. చేతిలో సీడీల సంచీ ఉంది. నెత్తిన పెట్టుకుంటే సంచీ తడుస్తుంది, చొక్కాలో దోపుకుంటే తను తడుస్తాడు. సంచీ కంపెనీది, ఒళ్ళు సొంతానిది. కాబట్టి సంచీనే కాపాడాడు.

మిషన్ దవాఖానా వరండాలో జనం గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఓపీ కౌంటర్ అద్దం వెనకాల ఒకమ్మాయి పాత క్యాలెండర్ కాగితాలు చింపి, వెనకవైపు టోకెన్ నంబర్లు రాసిస్తోంది. పక్కనే కంప్యూటర్ ఉంది. దాని మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది.

"ఎవలు సర్వర్ మెయిన్ బంద్ చేసింది?" అన్నాడు దేవసహాయం, నమస్కారం గట్రా ఏమీ లేకుండా.

ఆ అమ్మాయి తలెత్తలేదు. "టోకెన్ కావాల్నంటే లైన్ల నిలబడాలె."

"నేను పేషెంట్ని కాదు. ఖమ్మం నుంచి వచ్చిన. సర్వీస్ ఇంజినీర్ని."

"ముందు తల తుడ్చుకోండి సార్. గట్లనే ఉంటే సాయంత్రానికి టోకెన్ మీకే కావాల్సొస్తది."

దేవసహాయం గట్టిగా ఏదో అనబోయి తుమ్మాడు. వరండా అంతా నవ్వింది. ఆ అమ్మాయి కంప్యూటర్ మీది తువ్వాలు తీసి అద్దం కింది సందులోంచి అతని వైపు తోసింది. అప్పుడు తలెత్తింది. ఆమె పేరు లిదియా అని, ఖమ్మంలో కంప్యూటర్ డిప్లొమా చేసిందని, కోపం రాకుండానే మనిషిని కడిగేయగలదని అతనికి తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది మాత్రం ఆ కళ్ళు చాలా పెద్దవని.

అది రెండువేల ఆరు వానాకాలం. ఖమ్మం కమాన్ బజార్‌లో గాజుల కొట్టు మీది గదిలో వెంకటప్పయ్య గారు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవారు. అందులో సాఫ్ట్‌వేర్ రాసేదీ, పెట్టేదీ, పాడైతే బస్సెక్కి వెళ్ళేదీ దేవసహాయమే. దవాఖానాకు టోకెన్ల వ్యవస్థ రాసింది కూడా అతనే. అతని పేరు విని, దవాఖానా నడిపే సిస్టర్లు చాలా ధైర్యం తెచ్చుకున్నారు. వాడిన తర్వాత, ఆ ధైర్యాన్ని దేవుడి మీదే ఉంచుకోవడం మంచిదనుకున్నారు.

టోకెన్ సర్వీసు కంటికి కనపడేది కాదు. తెర మీద దానికో బొమ్మ ఉండదు. సర్వర్ లోపల ఎక్కడో వెనకవైపున కూర్చుని, కౌంటర్లో టోకెన్ కొడితే డాక్టరు గదిలోనూ మందుల దగ్గరా ఆ నంబరు కనపడేట్టు చూస్తుంది. స్టార్ట్ అని కొడితే లేస్తుంది, స్టాప్ అని కొడితే ఆగుతుంది. ఇంటి కోడలి చాకిరీ లాంటిది. ఉన్నన్నాళ్ళూ ఎవరికీ కనపడదు, లేని పూట ఇల్లంతా గోల.

దేవసహాయం సర్వర్ ముందు కూర్చుని స్టార్ట్ కొట్టాడు. ఇప్పటికే నడుస్తోంది అంది. ఎలా ఉందని అడిగాడు. ఆగిపోయింది, తాళం ఉంది అంది.

వెనక నిలబడి చూస్తున్న లిదియా, "నడుస్తున్న అంటది, ఆగిపోయిన అంటది. ఏదో ఒకటి చెప్పమనండి సార్" అంది.

"అది లేచినప్పుడు ఒక తాళం ఫైలు పెట్టుకుంటది. నేను లోపల్నే ఉన్న, ఇంకొకటి రావొద్దు అని. స్టాప్ కొడితే ఆ తాళం తీసేసి ఆగుతది. స్టాప్ కొట్టకుండ కరెంట్ తీసేసిండ్రనుకోండి, అది చచ్చిపోతది, తాళం గట్లనే ఉంటది. తెల్లారి కొత్తది లేచి వస్తది. తాళం చూసి, లోపల ఎవరో ఉన్నరని ఎనక్కి పోతది."

"లోపల ఎవలున్నరో చూడదా?"

"చూడదు."

"తలుపు కొట్టి అడగను కూడ అడగదా?"

"అడగదు."

"గింత తెలివిగల్లది, ఎవరు రాసిండ్రు సార్ దాన్ని?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు దేవసహాయం మెడ తుడుచుకున్నాడు. తువ్వాలు పూర్తిగా తడిసి ఉంది, అయినా తుడుచుకున్నాడు. ఆ పాత తాళం ఫైలు తీసేసి మళ్ళీ స్టార్ట్ కొట్టగానే సర్వీసు లేచింది. డాక్టరు గదిలో నంబరు మారింది. ఆమె ప్రశ్న మాత్రం సరైనదేనని అతనికి తెలుసు. తాళం ఉంటే సరిపోదు, లోపలిది బతికుందో లేదో చూడమని ఒక్క ముక్క అదనంగా రాస్తే, ఇక ఎవరు మెయిన్ ఆపినా భయం లేదు. రాసెయ్యాలి అనుకున్నాడు.

ఇంతకీ మెయిన్ ఆపింది అంతోనయ్య. దవాఖానా జెనరేటరూ, కరెంటూ, నీళ్ళ మోటారూ ఆయన చేతిలోవే. లిదియాకు తండ్రి. ఓపీ ముగిసి, చాపెల్ గంట మోగగానే, ఖాళీ గదుల్లో కరెంటు ఉండటం పాపమన్నంత నిష్ఠగా ఆ పక్క మెయిన్ స్విచ్ దించేసేవాడు. కరెంటు పోయినా సర్వర్ నడవాలని పెట్టిన యూపీఎస్‌ను కూడా ఆపేసేవాడు. అది కుయ్‌కుయ్‌మంటుంటే పక్క వార్డులో బాలింతలు జడుసుకుంటున్నారట.

"పెద్దాయన, మెయిన్ బంద్ చేసే ముందు సర్వీస్ ఆపాలె" అన్నాడు దేవసహాయం.

"ఎట్ల ఆపాలె?"

"స్టాప్ అని కొట్టాలె."

"బాబూ, నా జెనరేటర్ నీ వయసుది. డీజిల్ బంద్ చేస్తే ఆగుతది. పోయొస్త, పండుకో అని చెప్తేనే ఆగుతనని అది ఎన్నడు మొండికెయ్యలే."

చివరికి, రోజూ తండ్రి వచ్చేలోగా స్టాప్ కొట్టే బాధ్యత లిదియా తీసుకుంది. దేవసహాయం ఆమెకు నేర్పాడు. ఒక్కసారికే వచ్చింది. అయినా మరోసారి నేర్పాడు. ఆఖరి బస్సు హారన్ వినపడేదాకా నేర్పుతూనే ఉన్నాడు.

ఖమ్మం వెళ్ళాక ఆ ఒక్క ముక్క రాద్దామని కూర్చున్నాడు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టాడు. సర్వీసు తనంతట తను లేస్తే పాలవాగుతో ఇక పనేముంటుంది అని ఆలోచన వచ్చింది. తీరిగ్గా రాయొచ్చులే అని వేళ్ళు తీసేశాడు. ఇంజినీరింగ్‌లో ఇలాంటి దాన్ని వాయిదా అంటారు. ప్రేమలో ఏమంటారో అతనికి ఇంకా తెలియదు.

పది రోజులు తిరక్కుండానే ఆఫీసు ఫోను మోగింది.

"సార్, సర్వీస్ లేస్తలే. నిన్న స్టాప్ కొట్టుడు మరిచిన" అంది లిదియా.

"పర్వాలేదు, నేనొస్త" అన్నాడు దేవసహాయం. ఫోన్లో చెబితే పోయేదానికి బస్సెక్కడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. గొడ్డలి పట్టుకుని ఆ పూటే బయల్దేరాడు.

ఆ తర్వాత ఆమె తరచుగా మరిచిపోయేది. అతను తరచుగా వెళ్ళేవాడు. సర్వీసు క్షణంలో లేచేది. మిగతా పూటంతా దాన్ని పరిశీలించాల్సి వచ్చేది. పరిశీలన కౌంటర్ దగ్గర కుర్చీలోంచి జరిగేది.

"ఖమ్మంల కూరలు దొరకవా సార్? అచ్చంగ నా టిఫిన్ టైముకే మీ బస్సు వస్తది" అనేది ఆమె, గోదావరి చేపల పులుసు సగం అతని మూతలో వేస్తూ.

"బస్ టైము నా చేతుల ఉండదు మేడమ్."

"అవ్ పాపం. ఏ బస్ ఎక్కాలనేది కూడ మీ చేతుల ఉండదు."

బీపీ మాత్రలకని వచ్చే ఆదెమ్మ ఒకరోజు అతన్ని ఎగాదిగా చూసి, "ఈ పిలగాడికి ఏం రోగం బిడ్డా? నేనొచ్చినప్పుడల్లా ఈడ్నే ఉంటుండు. మందు దొరకలేదా?" అని అడిగింది.

"దొరికింది గాని వాడతలేడు ఆదెమ్మా" అంది లిదియా టోకెన్ కొడుతూ. దేవసహాయానికి అన్నం పొలమారింది.

కార్తె మారింది గానీ వాన తగ్గలేదు. ఒక సాయంత్రం ఓపీ ముగిశాక వరండాలో ఇద్దరూ చూరు నీళ్ళు చూస్తూ నిలబడ్డారు. అతను బస్సులో పొడుగునా వల్లించుకున్న మాటలు ఒక్కటీ గుర్తులేవు.

"లిదియా గారు, ఒక మాట చెప్పాలె."

"సర్వర్ గురించా?"

"కాదు."

"అయితే జల్దీ చెప్పండి. నాయిన మెయిన్ దగ్గరికి పోతుండు."

"మీరంటే నాకు ఇష్టం. ఈడికి వచ్చిన రోజే మనసు మంచిగుంటది. మిగిలిన రోజులు ఫోన్ దిక్కు చూస్కుంట కూసుంటున్న. మీకు ఇష్టమైతే మా నాయినతోని మాట్లాడిస్త."

ఆమె వెంటనే ఎకసెక్కం ఆడుతుందనుకున్నాడు. ఆడలేదు. చేయి చాపి చూరు నీళ్ళు పట్టింది, వదిలేసింది.

"నాకు ప్రధానం అయింది" అంది.

అదే సమయానికి అంతోనయ్య మెయిన్ దించాడు. వరండాలో బల్బు ఆరిపోయింది.

సంగతి ఇది. రెండేళ్ళ కిందట నేలకొండపల్లి డేవిడ్‌కు లిదియాను మాట్లాడారు. ప్రధానం, అంటే నిశ్చితార్థం, జరిగింది. గుడిలో పెళ్ళి ప్రకటనలు మొదలయ్యాయి. వాళ్ళలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పూజలో ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని ఫాదర్ అడుగుతారు. రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం గోదావరి వరద రోడ్డెక్కి ఫాదర్ జీపు రాలేకపోయింది. ఆ వారమే డేవిడ్ తండ్రి పోయాడు. ఏడాది మైల అన్నారు. ఏడాది గడిచింది. మాట ఎత్తడానికి మగపెళ్ళివాళ్ళు రాలేదు. వాళ్ళు రాకుండా మనం ఎలా అడుగుతామని అంతోనయ్య ఊరుకున్నాడు. కాదనుకుంటే వాళ్ళే చెప్పాలి, మాట ఇచ్చి తప్పినవాడినన్న పేరు మనకొద్దు అన్నది ఆయన పట్టు. అటువైపూ ఇదే పట్టని ఆయనకు తోచలేదు. ప్రతి క్రిస్మస్‌కూ రెండిళ్ళవాళ్ళూ ఒకరికొకరు కేకు పంపుకుంటారు. పెళ్ళి సంగతి తప్ప అన్నీ అడుగుతారు. ఈలోగా లిదియాకు వేరే సంబంధం రాదు. రెండుసార్లు గుడిలో చదివిన పేరును మూడోవాడు ఎలా అడుగుతాడు?

దేవసహాయం ఇందులో మొదటి మాటే విన్నాడు. ప్రధానం అన్న మాట దగ్గరే అతని చెవులు మూసుకుపోయాయి. మంచివాడు కదా. మంచివాళ్ళకు త్యాగం చేసే అవకాశం దొరికితే పూర్తిగా వినే ఓపిక ఉండదు.

"సారీ అండి. నాకు తెల్వదు" అని సర్వర్ గదిలోకి వెళ్ళి, అంతోనయ్యను బతిమాలి మెయిన్ వేయించుకుని, ఇన్నాళ్ళూ రాయని ఆ ఒక్క ముక్క రాసేశాడు. తాళం కనపడితే ముందు లోపలిది బతికుందో లేదో చూడు. లేకపోతే తాళం తీసేసి నువ్వు లేవు. తీసీ వేసీ పరీక్షించాడు. బంగారంలా పనిచేసింది.

"ఇగ మీరు స్టాప్ కొట్టుడు మరిచినా ఏం కాదు" అన్నాడు లిదియాతో.

"గట్లనా" అంది ఆమె. అంతకు మించి ఏమీ అనలేదు. అతను బస్సెక్కేదాకా వరండాలోనే ఉంది.

తర్వాత పాలవాగు నుంచి ఫోను రాలేదు. అంతోనయ్య రోజూ మెయిన్ దించుతున్నాడు, సర్వీసు రోజూ లేస్తోంది. వెంకటప్పయ్య గారు దేవసహాయం భుజం తట్టి, "ఇదీ పనంటే" అన్నారు. జీవితంలో మొదటిసారి తప్పుల్లేకుండా రాసిన ప్రోగ్రాం తన కొంప ముంచిందని ఆయనకు ఎలా చెబుతాడు? మధిర వెళ్ళమంటే వెళ్ళాడు, సత్తుపల్లి వెళ్ళమంటే వెళ్ళాడు. పాలవాగు దారిన పోయే భద్రాచలం బోర్డున్న బస్సు కనపడితే మొహం తిప్పుకున్నాడు. ఆమె లేకుండా రోజులు గడుస్తాయిగానీ వాటిలో తను ఉండడని అప్పటికి బాగా అర్థమైంది.

పత్తి తీతల రోజుల్లో ఒక ఉదయం ఫోను మోగింది.

"సర్వీస్ ఆగింది. రండి" అంది లిదియా. పెట్టేసింది.

దేవసహాయం పరుగెత్తినంత పని చేసి పాలవాగు చేరాడు. కౌంటర్ ముందు తెర మీద టోకెన్లు చక్కగా నడుస్తున్నాయి. డాక్టరు గదిలో నంబర్లు మారుతున్నాయి.

"మంచిగనే నడుస్తుంది కద" అన్నాడు అయోమయంగా.

"పొద్దుగాల నేనే స్టాప్ కొట్టిన. మీకు ఫోన్ చేసి మళ్ళ స్టార్ట్ కొట్టిన."

"ఎందుకు?"

లిదియా వెనక్కి తిరిగి చూసింది. దగ్గర్లో ఎవరూ లేరు. "సార్, ఈ కౌంటర్ల కూసున్నకాడి నుంచి ఒక్క పేషెంట్ పేరు కూడ మరవలే నేను. స్టాప్ కొట్టుడు మరుస్తనా? మీరు రావాల్నని కొట్టలే."

అతనికి సంతోషం ఒక్కసారిగా వచ్చేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి ప్రధానం అయిందన్నరు?"

"అయింది. అయి ఆగిపోయింది. గా మాట చెప్పేలోపల్నే మీరు ఎల్లిపోయిండ్రు." ఆమె కంప్యూటర్ వైపు చెయ్యి చూపించింది. "కంప్యూటర్‌కేమో లోపల ఎవరన్న ఉన్నరో లేరో చూసి పొమ్మని రాసిండ్రు. నా దగ్గరికొచ్చే వరకు తాళం చూసి ఎనక్కి మళ్ళిండ్రు. రెండేండ్ల నుంచి అందరు గంతే. నాయిన అడగడు, వాళ్ళు చెప్పరు. మీరు కూడ గంతేనా?"

దేవసహాయం అక్కడే నిలబడి మొత్తం కథ విన్నాడు. ఈసారి చివరిదాకా విన్నాడు.

డేవిడ్ ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. దేవసహాయం వెళ్ళేసరికి బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటుకి అలవాటున్నవాళ్ళే కళ్ళు తుడుచుకుంటారు, లేనివాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

"పాలవాగు లిదియా గురించి మాట్లాడాలె" అన్నాడు దేవసహాయం, తుమ్ముతూ.

డేవిడ్ మొహం పాలిపోయింది. "వాళ్ళు పంపిండ్రా అన్నా? పెండ్లి పెట్టమంటున్నరా?"

"ముందు నువ్వు చెప్పు. నీకు చేసుకునే ఉద్దేశం ఉందా?"

డేవిడ్ చుట్టూ చూసి, దేవసహాయాన్ని బస్తాల వెనక్కి లాక్కెళ్ళాడు. "అన్నా, పెనుబల్లిల టీచరమ్మ ఒకామె ఉన్నది. ఏడాదిన్నర నుంచి నా కోసం ఆగింది. మా అమ్మేమో, ఇచ్చిన మాట మనం తీసుకోవద్దు, పిల్ల తరఫోళ్ళు కాదంటె అప్పుడు చూద్దాం అంటది. అంతోనయ్య మామ ఎప్పుడు కాదంటడా అని ప్రార్థన చేస్తున్న. ఆయనేమో కేకు పంపుతుండు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్ళల్లోంచీ ధారగా నీళ్ళు కారుతున్నాయి. అది మిర్చి వల్లనే. అటుగా వెళ్తున్న హమాలీ మాత్రం జాలిపడి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు.

"నువ్వొచ్చి ఆ మాట అంతోనయ్యకు చెప్పు" అన్నాడు దేవసహాయం.

"నువ్వే చెప్పరాదె అన్నా."

"నేనెవర్ని చెప్పనీకి?"

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది తేలక కాసేపు తుమ్ముకున్నాక, శనివారం డేవిడ్ మోటార్ సైకిల్ మీద ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా డేవిడ్ చెప్పాల్సిన మాటలు గట్టిగా వల్లించాడు. "మామయ్యా, ఈ సంబంధం ఒద్దు." మాట స్పష్టంగా, ధైర్యంగా వచ్చింది. పాలవాగు పొలిమేర దాకా అలాగే వచ్చింది.

వాకిట్లో బండి ఆగగానే అంతోనయ్య బయటికి వచ్చాడు. డేవిడ్‌ను చూశాడు. ఆయన మొహంలో రెండేళ్ళ బరువు దిగిపోవడం దేవసహాయానికి కనపడింది.

"వచ్చినవా నాయినా" అని డేవిడ్‌ను గుండెలకు హత్తుకున్నాడు. "నాకు తెలుసు. మాట మీద నిలబడే రక్తం మీది. లిదియా, కాళ్ళకు నీళ్ళియ్యి. కోడిని పట్టాలె."

"మామయ్యా, ఈ..." అన్నాడు డేవిడ్.

"కూసో, కూసో. మాటలు తర్వాత. ఫాదర్‌తోని చెప్పొస్త. రేపు ఆదివారమే." అని కండువా భుజాన వేసుకుని ఆయన గుడివైపు దాదాపు పరుగెత్తాడు. వెనక్కి వచ్చేసరికి మొహం ఇంకా వెలిగిపోతోంది. "ఆర్నెల్లు దాటితే పాత ప్రకటనలు చెల్లవంట. ఎన్నడో రద్దయినయంట. నాకు తెల్వనే తెల్వదు. పోనీ, రేపటి నుంచి మొదలు పెడ్తమన్నడు ఫాదర్."

అంటే గుడికి సంబంధించినంతవరకు లిదియా ఎప్పుడో స్వేచ్ఛగా ఉంది. అడిగితే ఫాదర్ చెప్పేవాడే. ఎవరూ అడగలేదు.

భోజనంలో కందనకాయ అల్లుడికి పడింది. దేవసహాయానికి మెడ ముక్క వచ్చింది. డేవిడ్ కక్కలేక మింగలేక ఆ కందనకాయను నమిలాడు. అంతోనయ్య అన్న ప్రతి మాటకూ "అవ్ మామయ్యా" అన్నాడు. దేవసహాయం కాలితో అతని మోకాలు తన్నాడు. డేవిడ్ తిరిగి తన్నాడు. కొండంత ధైర్యంతో వచ్చిన ఇద్దరు మగవాళ్ళూ కోడి పూర్తి చేశారు.

చేతులు కడుక్కునే దగ్గర లిదియా చెంబుతో నీళ్ళు పోస్తూ, "ఇదేనా మీరు చేసుకొచ్చింది? ఆగినదాన్ని మళ్ళ స్టార్ట్ కొట్టిండ్రు" అంది మెల్లగా.

"డేవిడ్ పొద్దుగాల చెప్తనన్నడు, పెనుబల్లి టీచరమ్మ సంగతి కూడ."

"మీరు?"

దేవసహాయం తలదించుకున్నాడు. తప్పు తనదేనని అతనికి తెలుసు. డేవిడ్ పిరికితనం చాటున తన పిరికితనం దాచుకున్నాడు. లిదియా చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నవ్వకపోవడం చూసి అతనికి భయం వేసింది.

ఆదివారం గుడి నిండింది. డేవిడ్ ఏమీ చెప్పలేదు. పొద్దున అంతోనయ్య అతని కోసం తన కొత్త కండువా తీసి ఇస్తుంటే నోరు పెగల్లేదట. మగవాళ్ళ వైపు ఇద్దరూ పక్కపక్కనే చాప మీద కూర్చున్నారు, ఒకరిని చూసి ఇంకొకరు చెమటలు కక్కుతూ.

ఫాదర్ ప్రకటన చదివారు. నేలకొండపల్లికి చెందిన డేవిడ్, పాలవాగు లిదియా. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయగలరు" అని అలవాటుగా అని, కాగితం మడిచారు. ఎవరూ ఏమీ అనరు. ఆ గుడి కట్టినప్పటి నుంచి ఎవరూ అన్లేదు.

"నాకు ఉన్నది ఫాదర్."

గుడంతా ఆడవాళ్ళ వైపు తిరిగింది. లిదియా నిలబడి ఉంది. చెంగు నెత్తి మీద సరిగ్గానే ఉంది, గొంతు కూడా సరిగ్గానే ఉంది. చేతులు మాత్రం చెంగు అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"నీ పెండ్లికి నీకే అభ్యంతరమా తల్లీ?" అన్నారు ఫాదర్, కళ్ళజోడు సర్దుకుని.

"ఈ పెండ్లి ఎన్నడో ఆగిపోయింది ఫాదర్. ఆగిందని చెప్పేటోళ్ళు లేరు, అడిగేటోళ్ళు లేరు. మాట పోతదని పెద్దలు ఊకున్నరు. రెండేండ్లు నేను కూడ ఊకున్న. ఇగ నేనే ఆపుతున్న. ఎవరి మాట పోయినా నా మీదనే రాసుకోండి."

అంతోనయ్య కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. అప్పుడు డేవిడ్ లేచాడు. "నాక్కూడ గదే అభ్యంతరం ఫాదర్" అని ఒక్క గుక్కలో అనేసి, అంతకాలం మోసిన బస్తా దించినట్టు ఊపిరి వదిలాడు.

ఫాదర్ ఇంకా తేరుకోకముందే దేవసహాయం కూడా లేచి నిలబడ్డాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"నీకేంది బాబూ?"

"నాకు... అభ్యంతరం లేదు ఫాదర్."

మొదట వెనక వరసలో ఎవరో ముసలమ్మ నవ్వింది. తర్వాత గుడి మొత్తం నవ్వింది. ఫాదర్ మొహం బలిపీఠం వైపు తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం మాత్రం అందరికీ కనపడింది.

పూజ అయ్యాక బయట అంతోనయ్య కూతురితో రెండు మాటలు మాట్లాడి డేవిడ్ దగ్గరికి వచ్చాడు. జనం కొంచెం ఎడం ఇచ్చారు.

"రెండేండ్ల నుంచి నువ్వు కాదంటవేమోనని చూసిన" అన్నాడు.

"మీరు కాదంటరేమోనని నేను చూసిన మామయ్యా."

"ఇగ మామయ్య అనకు." డేవిడ్ భుజం మీద చెయ్యి వేసి, "పోయి ఆ టీచరమ్మను చేసుకో నాయినా. లిదియా చెప్పింది నాకు, ఇప్పుడే. మీ అమ్మకు నేనే ఫోన్ చేస్త" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అక్కడ మిర్చి ఏమీ లేదు. కూతురి రెండేళ్ళు తన పరువుకు కాపలా పెట్టానని ఆయనకు ఆ పూజలోనే తెలిసింది.

తర్వాత దేవసహాయం వైపు తిరిగాడు. "నువ్వు దేనికి నిలబడ్డవ్ బాబూ?"

దేవసహాయం చెప్పులు వేసుకోవడం కూడా మరిచి నిలబడి ఉన్నాడు. "భయమేసింది పెద్దాయన. కూసుంటే ఈ పిల్ల పేరు మళ్ళ ఇంకెవరితోనో చదువుతరని. నిన్న రాత్రి అన్నం దగ్గరే చెప్పాల్సింది. చెప్పలేకపోయిన. లిదియా లేకుంటే నాకు బతుకు మంచిగనిపిస్తలేదు. గింతే."

అంతోనయ్య అతన్ని చాలాసేపు చూశాడు. తన మెయిన్ స్విచ్‌కు వంకలు పెట్టిన మనిషిని ఇంటికి తెచ్చుకోవడం ఆయనకు చిన్న విషయం కాదు. కూతురి వైపు చూశాడు. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు ఇంట్లో చూసి ఎంత కాలమైందో ఆయనకు గుర్తొచ్చింది.

"మీ నాయినను తోలుకరా" అన్నాడు. "ప్రధానం కాంగనే ప్రకటనలు పెట్టిస్త. ఈసారి మూడు వారాలు ఒక్కటి తప్పొద్దు. గోదావరి గుళ్ళకొచ్చినా చదవాల్సిందే."

దేవసహాయం తండ్రి వచ్చాడు, ప్రధానం అయింది. మొదటి ఆదివారం ఖమ్మం నుంచి తెల్లవారకముందే బస్సెక్కి దేవసహాయం గుడికి చేరాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఫాదర్ కాగితం విప్పి ఇద్దరి పేర్లూ చదివారు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అన్నారు.

ఆ మాట దగ్గర గుడి గుడంతా తలలు తిప్పి లిదియా వైపు చూసింది. అంతోనయ్య కూడా చూశాడు. ఫాదర్ కాగితం మడవకుండా ఆగారు.

లిదియా లేవలేదు. మగవాళ్ళ వైపు తలతిప్పి దేవసహాయాన్ని కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది. మార్కెట్లో వస్తువు తీసుకుందామా వద్దా అన్నట్టు తల ఒకపక్కకు వంచి మళ్ళీ చూసింది. దేవసహాయం కొత్త చొక్కా వీపున తడిసిపోయింది. ఆ అమ్మాయి మాట మీద తన జన్మంతా ఆధారపడి ఉందని ఇంత మంది ముందు తెలిసిపోతున్నందుకు అతనికి సిగ్గు కూడా వెయ్యలేదు.

"ఏం లేదు ఫాదర్" అంది చివరికి. "మీరు చదవండి."